కాకి ముద్ద

రేవతికి అత్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. చెంగమ్మ ఆ ఇంట్లో బతికున్నవాళ్ల కంటే ముందు పోయినవాళ్లకు వడ్డిస్తుంది. కుక్కరు మూత తీయగానే మొదటి గరిటె అన్నం, పోయి నాలుగేళ్లయిన మామ పరంధామయ్యకు. అదీ ఊరికే కాదు, పప్పు కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసి. ఆయన బతికుండగా నెయ్యి తగ్గించమని డాక్టరు చెబితే డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి ఈమే. ఇప్పుడాయనకు పథ్యం లేదు. ముద్దను అరిటాకు ముక్కలో పెట్టి, పెరటి గోడ మీద ఉంచి, "కా... కా..." అని పిలిచి, కాకి వచ్చి ముట్టేదాకా చెంగమ్మ నోట్లో మెతుకు పెట్టదు. అత్త తినేదాకా కోడలు తినకూడదని చట్టమేమీ లేదు. కానీ ఆకలితో ఉన్న పెద్దావిడ ఎదురుగా కూర్చుని పప్పన్నం కలుపుకునేంత ధైర్యం రేవతికి పెళ్లయి ఏడేళ్లయినా రాలేదు. అందుచేత ఐరాల దాటగానే, ఊరి చివరనున్న ఆ ఇంట్లో మధ్యాహ్న భోజనం ఎన్ని గంటలకన్నది కాకులే నిర్ణయించేవి.

కాకులు వేళ తప్పేవి కావు, అది ఒప్పుకోవాలి. గోడ పక్కనే ఉన్న ముసలి కానుగ చెట్టు మీదే వాటి కాపురాలు. చెంగమ్మ మొదటి "కా" అనేలోపే రెండు దిగేవి, రెండో "కా"కి ఆకు ఖాళీ.

చెట్టు మీద మాత్రం రేవతికి ఫిర్యాదులు చాలా ఉండేవి. ఆరేసిన చీరల మీద రెట్టలు. ఆకు రాల్చే కాలంలో రోజుకు రెండు గంపల చెత్త. అన్నిటికంటే, చెట్టు తొర్రలో గుడ్లగూబల జంట. పొద్దు గూకితే చాలు, ఎవరో ఎవరి గొంతో పిసుకుతున్నట్టు అరుపు. కూతురు ఐశ్వర్య చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆ అరుపు వినగానే రేవతి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. తిరుపతిలో జువాలజీ డిగ్రీ చదివినామె గుడ్లగూబకు భయపడుతుందంటే నలుగురూ నవ్వుతారు. అందుకని పైకి మాత్రం, "ఆకు వూడ్సలేక సస్తా ఉండా" అనేది.

కిందటి అక్టోబరులో, వానలు ముదరకముందే కరెంటువాళ్లు వచ్చి తీగలకు తగిలే కొమ్మలు నాలుగు కొట్టి వెళ్లారు. ఆ వారం చెంగమ్మ నగరిలో చెల్లెలు వరదమ్మ ఇంట్లో ఉంది. రేవతి భర్త మునిశేఖర్ బస్సు కండక్టరు. రెండు రోజులు రోడ్డు మీద, ఒక రోజు ఇంట్లో. ఇలాంటి అవకాశం మళ్లీ రాదని రేవతికి అనిపించింది. మరుసటి రోజు పొద్దున్నే రంపం మిషను మనిషిని పిలిపించింది. రెండు గంటల్లో అరవయ్యేళ్ల చెట్టు నేల మీద పడుకుంది. గుడ్లగూబలు రెండూ పట్టపగటి వెలుతురులో దారి తెలియక గోడకు కొట్టుకుంటూ ఎగిరిపోయాయి. కాకులు రెండు రోజులు ఆ ఖాళీ చుట్టూ తిరిగి తిరిగి అరిచాయి. మూడో రోజు అరుపూ లేదు, కాకులూ లేవు. ఇంటి మీద ఎండ పడింది. రేవతి సంతోషంగా దుప్పట్లన్నీ ఉతికింది.

అత్త తిరిగొచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. "చెట్టేదే?"

"కరెంటోళ్లు కొట్టేసినారత్తా" అంది రేవతి. మొగుడికీ అదే మాట చెప్పింది.

చెంగమ్మ కరెంటువాళ్లను నెల రోజులు శపించింది. ఆ శాపాలు తగిలేవే అయితే ఆ నెల మండలంలో ఏ ఇంట్లోనూ బల్బు వెలిగేది కాదు. సంగతి తెలిసింది పక్కింటి గ్రేసీకి మాత్రమే. ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ రోజు సెలవులో ఉండి మేడ మీంచి అంతా చూసింది. "ఏమక్కా, ఈసారి కరెంటోళ్లు లుంగీలు కట్టుకోని వచ్చినారే?" అని గోడ అవతలి నుంచి అడిగింది. రేవతి ఆమెకు ఒక గిన్నె పాయసం ఇచ్చింది. పాయసంతో ఆ నోరు మూతపడింది.

అసలు చిక్కు మధ్యాహ్నాలతో వచ్చింది. చెంగమ్మ రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషను ఈ పండగ కానీ, ఆ పెళ్లి కానీ అంటూ వాయిదా పడుతోంది. గోడ మీద ఆకు కనబడుతుంది, ఆకు మీద ఏముందో కనబడదు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయినా కాకి రాలేదు. మొదటి రోజు మూడింటికి, రెండో రోజు నాలుగింటికి రేవతి బలవంతం చేస్తే తిన్నది. మూడో రోజు కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడింది.

నాలుగో రోజు రేవతి వంటింటి కిటికీలోంచే అరిచింది. "వచ్చిందత్తా! ఒకటి గాదు, రెండు! తినేసి పోయినాయి."

"నిజంగానా?"

"నేను సూస్తి గదా."

చెంగమ్మ చేతులెత్తి దండం పెట్టి లోపలికొచ్చి కడుపునిండా తిన్నది. సాయంత్రం రేవతి ఆకును తీసుకెళ్లి గోడ అవతల విసిరేసింది. పెద్దావిడ తిన్నది కదా, అంతకంటే ఏం కావాలి అనుకుంది. ఆ తర్వాత రోజూ అదే మాట, అదే విసురు. పది పదిహేను రోజులకు విసరాల్సిన అవసరమూ పోయింది. సాయంత్రానికి ఆకు దానంతటదే ఖాళీగా ఉంటోంది. ఎవరు తింటున్నారని రేవతి అడగలేదు. చెప్పిన అబద్ధం తనంతట తానే నిజమవుతుంటే ఆరా తీసే అలవాటు ఎవరికుంటుంది?

కొట్టిన చెట్టు మొద్దులన్నీ గోడకు ఆనించి కుప్పగా పేర్చారు, నీళ్ల పొయ్యికి పనికొస్తాయని. వాటిని చీల్చడానికి వస్తానన్న మనిషి రాలేదు. తర్వాత గీజరు వచ్చింది. మొద్దులు అక్కడే ఉండిపోయాయి.

కార్తీక మాసపు వానలకు అవి నానాయి. బెరడు మీద తెల్లటి చెవుల్లాంటి కుక్కగొడుగులు లేచాయి, ఎవరో లోపలినుంచి చెవులు పెట్టి ఇంట్లో మాటలు వింటున్నట్టు. పుష్యమాసానికి బెరడు కింద చెదలు మట్టి దారులు వేశాయి. చెదల కోసం చీమలు వచ్చాయి, పెంకు పురుగులు వచ్చాయి. వాటి కోసం కప్పలు, తొండలు, బల్లులు. మార్చిలో రేవతి ఒక కట్టె లాగబోతే కింద నల్లతేలు తోక ఎత్తుకుని నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ఆమె ఆ కుప్పను ముట్టుకోలేదు. చెట్టు నిలబడి ఉన్నప్పుడు దాని మీద ఒక ఊరు ఉండేది, ఎగిరేవాళ్ల ఊరు. పడిపోయాక ఇంకో ఊరు వచ్చి చేరింది. ఈ ఊళ్లో అందరూ పాకేవాళ్లే.

ఆ ఊరికి పెద్దలు ఎలుకలు. చలికాలం పోయేసరికి ఇంట్లో మిక్సీ వైరు కొరికేశాయి, వేరుశనగ మూటకు కన్నం పెట్టాయి, ఐశ్వర్య అంగన్‌వాడీ సంచి పట్టీ తినేశాయి. బోను పెడితే ఒక్కసారికే రెండేసి పడేవి. "మీ మామ ఉండగా ఒక్క ఎలక సూడలేదు ఈ ఇంట్లో" అనేది చెంగమ్మ. మామ ఎలుకలు పట్టేవాడా అని నోటిదాకా వచ్చిన మాటను రేవతి మింగేసింది. ఎలుకలు ఎవరు పట్టేవాళ్లో ఆమెకు అప్పటికే అనుమానంగా ఉంది. డిగ్రీలో ఆహారపు గొలుసు మీద పది మార్కుల ప్రశ్న రాసింది. గడ్డి, ఎలుక, గుడ్లగూబ అని బాణం గుర్తులతో బొమ్మ గీసి, తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. ఆ బొమ్మలో తన ఇంటి పెరడు ఉంటుందని అప్పుడు తెలియదు.

ఇంతలో చెంగమ్మకు భుజం నొప్పి మొదలైంది. గోడ మీదకు చెయ్యి ఎత్తలేక, నడుం ఎత్తున్న మొద్దుల కుప్ప మీద ఆకు పెట్టడం మొదలుపెట్టింది. చూపు ఆనదు కనక దారి చూపడానికి మనవరాలు. నాలుగున్నరేళ్ల ఐశ్వర్య రెండు చేతులతో ఆకు పట్టుకుని, "తాతకు అన్నం, తాతకు అన్నం" అంటూ ముందు నడిచేది. వెనక చెంగమ్మ, పిల్ల భుజం మీద చెయ్యి వేసుకుని.

మేలో ఎలుకలు హఠాత్తుగా తగ్గాయి. బోను వారం రోజులు ఖాళీగా ఉంది. రేవతి గ్రేసీతో గొప్పగా చెప్పుకుంది కూడా. గ్రేసీ మాత్రం నవ్వలేదు.

"వాటంతట అవి యాడికి పోతాయక్కా? తినేదేదో వచ్చింటాది."

"పిల్లిలే."

"యాడుండాది పిల్లి? నువ్వు సూసినావా?"

చూడలేదు. మూడు రోజుల తర్వాత మందార మొక్క మొదట్లో చూసింది వేరొకటి. మణికట్టు మందాన, రెండు మూరల పైన పొడవు, వలలాంటి పొర. గాలికి కదులుతోంది. ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే గొలుసులా వరసగా గుండ్రటి గుర్తుల జాడ. జెర్రిపోతు కుబుసం అయ్యుంటుంది అని పైకి అంది, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. జెర్రిపోతు ఒంటి మీద గొలుసు ఉండదని ఆమెకు తెలుసు. ఆ పొరను పొయ్యిలో వేసి కాల్చేసింది. మునిశేఖర్‌కి చెబితే కుప్ప తీయిస్తాడు. కుప్ప తీయిస్తే చెట్టు మాట వస్తుంది. చెట్టు మాట వస్తే గ్రేసీ నోరు, అత్త కళ్లు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు మూడు వారాలు సాగింది.

ఆ మూడు వారాలూ ఆమె సరిగా నిద్రపోలేదు, సరిగా తినలేదు. పెరట్లో చెప్పులు లేకుండా అడుగు పెట్టొద్దని పిల్లను రోజుకు పదిసార్లు అరిచేది. "ఎండగా ఉండాదత్తా, ఈరోజు ముద్ద నేను పెట్టొస్తా" అని ఆకు లాక్కోబోతే చెంగమ్మ ఇచ్చేది కాదు. "నా మొగుడికి నువ్వు పెట్టేదేమే? నీ మొగుడికి పెట్టుకో పో." రేవతి కిటికీ దగ్గర నిలబడి, ఆ ఇద్దరూ కుప్ప దాకా వెళ్లి తిరిగి మెట్టెక్కేదాకా కమ్మీలు గట్టిగా పట్టుకుని చూసేది. వాళ్లు మెట్టెక్కాక చేతులకు తుప్పు అంటుకుని ఉండేది.

జూన్ రెండో వారం. గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయల ట్రాక్టర్లు వరసగా పోతున్న రోజులు. రేవతి కుక్కరు దించి, స్టవ్వు ఆపి, పచ్చడి నూరుతోంది. చెంగమ్మ ముద్ద చేసుకుని పిల్లతో పెరట్లోకి వెళ్లింది. కుక్కరు సన్నగా బుసకొడుతోంది. రేవతి పచ్చడి గిన్నెలోకి తీసింది. కుక్కరు ఇంకా బుసకొడుతోంది. దించి పది నిమిషాలయిందే అనుకుంటూ తిరిగి చూసింది. కుక్కరు మూత తీసే ఉంది. ముద్దకు అన్నం తీసిన గుంట కనబడుతోంది.

శబ్దం ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా పొడుగ్గా. కిటికీలోంచి వస్తోంది.

"అవ్వా" అంటోంది పెరట్లో ఐశ్వర్య. "మొద్దుల్లో కుక్కరు ఉండాది."

రేవతి పచ్చడి గిన్నె వదిలేసి పెరట్లోకి వెళ్లింది. మెట్టు దిగి ఆగిపోయింది. చెంగమ్మ ఒక చెయ్యి మొద్దు మీద ఆనించి, రెండో చెయ్యి ఊపుతూ, "కా... కా..." అంటోంది. పక్కనే పిల్ల గొంతుక్కూర్చుని, రెండు మొద్దుల మధ్య సందులోకి వంగి చూస్తోంది. ఆ సందులో, ఎండిన ఆకుల రంగులో, మందంగా చుట్ట. చుట్ట మీద గొలుసు కట్టినట్టు ముదురు మచ్చలు. చుట్ట పైన చదునైన తల వెనక్కి లాగి పెట్టి ఉంది. పిల్ల మోకాలికి జానెడు దూరం. అత్త చేతికి అంతకంటే తక్కువ.

రక్తపింజర. పుస్తకంలో దాని బొమ్మ ఏ పేజీలో ఎడమవైపున ఉందో కూడా ఆ క్షణాన రేవతికి గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తు రాలేదు. గొంతులోంచి కేక బయలుదేరింది, దాన్ని పళ్ల మధ్య కొరికి పట్టుకుంది. పాముకు కేక వినబడకపోవచ్చు. కానీ కేకకు పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపాటు పాముకు కనబడుతుంది.

"ఐశూ" అంది మెల్లగా. "స్టాచ్యూ."

ఆట. రోజూ వీధిలో ఆడేదే. పిల్ల ఉన్నచోటే బిగుసుకుపోయింది. కళ్లు మాత్రం అమ్మ వైపు నవ్వాయి.

చెంగమ్మ చెయ్యి ఊగుతూనే ఉంది. బుస పెద్దదయింది. తల ఆ చేతి వైపు తిరిగింది.

"అత్తా, చెయ్యి ఆపు. కదలొద్దు."

"ఏమిటికే? కాకి వచ్చిందా?"

పాము అని చెబితే పెద్దావిడ గంతు వేస్తుంది, లేకపోతే పిల్ల మీద పడుతుంది. "వచ్చిందత్తా. నీ ఎదురుగానే గోడ మీద కూసోని ఉండాది. కదిలితే ఎగిరి పోతాది."

చెంగమ్మ ముఖం వెలిగిపోయింది. గాల్లో ఉన్న చెయ్యి గాల్లోనే నిలిచింది. గుడిలో నిలబడినట్టు నిలబడింది.

రేవతి పిల్ల వెనకవైపు నుంచి ఒక్కొక్క అడుగు వేసింది. ఎండకు కాలిన బండలు పాదాలకు తెలియలేదు. వంగి, రెండు చంకల కింద చేతులు పెట్టి, పిల్లను పైకి ఎత్తకుండా వెనక్కి జరిపింది. వేలెడు. ఇంకో వేలెడు. పాము నాలుక బయటకు వచ్చి లోపలికి పోయింది. మూరెడు దూరం వచ్చాక పిల్లను చంకనేసుకుని మెట్టు మీద దించింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. అత్త ఆనించిన చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుని, "మెల్లగా వెనక్కి రా. కాకి తినాల గదా" అంటూ నడిపించింది. చుట్ట నెమ్మదిగా విప్పుకుని, సందులోకి జారి, కనబడకుండా పోయింది. జారిన చప్పుడు ఎండుటాకుల మీద చాలాసేపు వినబడింది. అంత పొడుగు.

లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాక రేవతి నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది, పాము అని. చెంగమ్మ భయపడలేదు. చేతులెత్తి దండం పెట్టింది.

"సూస్తివా మీ మామని? కాకై వచ్చి నన్ను కదలనీకుండా జేసినాడు. లేకుంటే నా చెయ్యి దాని నోట్లో ఉండును."

రేవతి లేచి ఫోను అందుకుంది.

మునిశేఖర్‌కి ఫోను చేస్తే బస్సు తిరుపతిలో ఉంది. "గిరికి ఫోన్ జెయ్. నేను రేపు సాయంత్రానికి గానీ రాలేను. పాపను కిందికి దించొద్దు" అన్నాడు. అతని గొంతు వెనక టికెట్ మిషను చప్పుడు కాసేపు ఆగిపోయింది.

గిరి మోటార్లు బాగుచేస్తాడు, పాములు పడతాడు. ఎవరింట్లో ఏది కనబడినా పట్టి అడవిలో వదిలి వస్తాడు. ఇనుప కొక్కెం, డబ్బా తెచ్చుకుని రెండున్నరకు వచ్చాడు. గ్రేసీ కూడా వచ్చి వరండాలో నిలబడింది. "ఏమన్నా అయితే చిత్తూరు పెద్దాసుపత్రికి ముప్పావుగంట. ఆటో మాట్లాడి పెట్టినా" అంది రేవతి చెవిలో. వేళాకోళం లేని గ్రేసీ గొంతు వినడం రేవతికి అదే మొదటిసారి.

గిరి ఒక్కొక్క మొద్దే కొక్కెంతో లాగాడు. మొదటి వరసలో చెదలు, మెత్తని పొట్టులా పోయిన చెక్క. రెండో వరస కింద కప్పలు, రెండు తేళ్లు. మూడో వరస కింద ఎలుక బొరియ, బొరియలో గుడ్డపీలికలు, అరిటాకు తునకలు, ఎండిపోయి బూజు పట్టిన అన్నం, పప్పు పసుపు ఇంకా అంటుకునే ఉంది. రేవతి దాని వైపు చూడలేదు. చెంగమ్మకు అంత దూరం కనబడదు. చిట్టచివరి మొద్దు కింద పాము దొరికింది. గిరి దాన్ని డబ్బాలోకి పంపి మూత బిగించి, అంతసేపటికి నుదురు తుడుచుకున్నాడు. కానీ ముఖం తేలికపడలేదు.

"కడుపు జారిపోయి ఉండాది. ఇది గుడ్లు పెట్టే రకం గాదక్కా, పిల్లల్నే కంటాది. కనేసింది."

"ఎన్ని?" అంది గ్రేసీ.

"ఇరవై ఉండొచ్చు. ముప్పై ఉండొచ్చు."

గంటసేపు వెతికితే ఆరు దొరికాయి. ఒక్కొక్కటి జానెడు. తల్లికున్న గొలుసు మచ్చలే చిన్నవిగా, పుట్టిన రోజునుంచే తల్లికున్న విషమే. మిగతావి గోడ కింద ఎలుక కన్నాల్లోకి, గడ్డిలోకి, ఎక్కడికి పోయాయో అతనికీ తెలియదు. "రేపు సాయంత్రం వచ్చి మళ్లీ వెతుకుతా, కన్నాలన్నీ సిమెంటుతో మూసేద్దాం. అందాకా ఈ గోడ తట్టు ఎవురూ రావొద్దండి. మెతుకు కూడా పడకూడదు. మెతుక్కి ఎలక, ఎలక్కి ఇది." చుట్టూ చూశాడు. నేల మీద మిగిలిన కానుగ మొదలు చూశాడు. "ఇంత పెద్ద చెట్టుండిందే ఈడ. దీంట్లో గూబలేమన్నా ఉండెనా అవ్వా?"

"రెండు ఉండె నాయనా" అంది చెంగమ్మ. "ఎప్పట్నుంచో."

"అదీ సంగతి. అవి ఒక జంట ఉంటే రేత్రికి నాలుగైదు ఎలకల్ని తింటాయి. పైన కాకులుంటే కింద మెతుకు మిగలదు. ఇంత కాపలా ఉన్న చెట్టును ఎవురు కొట్టినారు?"

"కరెంటోళ్లు, వాళ్ల చేతులు పడిపోను" అంది చెంగమ్మ.

గ్రేసీ రేవతి వైపు చూసింది. రేవతి నేల వైపు చూసింది. నాలుక చివర మాట ఉంది. నేల మీద ఎండుటాకు కదలగానే ఆ మాట మళ్లీ లోపలికి పోయింది.

ఆ రాత్రి ముగ్గురూ మంచాల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టుకుని పడుకున్నారు. రేవతి టార్చిలైటుతో గుమ్మాల కింద సందులకు పాత చీరలు కుక్కింది. తువ్వాలు విదిలిస్తే భయం, చెప్పులో కాలు పెడితే భయం. పొద్దున పాల గిన్నె కింద ఉన్న రబ్బరు రింగును చూసి అరిచింది.

మరునాడు పన్నెండున్నర. రేవతి ముందుగదిలో పిల్ల బట్టలు ఒక్కొక్కటే దులిపి మడత పెడుతోంది. వంటింటి తలుపు గడియ తీసిన చప్పుడయింది. పరుగెత్తి వెళ్లేసరికి వెనక తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో చెంగమ్మ, చేతిలో అరిటాకు, ఆకు మీద నెయ్యి కారుతున్న ముద్ద. ముందు ఐశ్వర్య, ఒక కాలు మెట్టు మీద, రెండో కాలు కింద పెట్టబోతూ. పాదానికి చెప్పు లేదు. మెట్టు పక్కన గడ్డి మోకాలెత్తున ఉంది.

రేవతి పిల్లను రెక్క పట్టి లోపలికి లాగింది. పిల్ల ఏడుపు అందుకుంది. రేవతి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"అత్తా, యాడికి?"

"గోడ కాడికి."

"గిరి ఏమి చెప్పిపోయినాడు? ఇరవై పిల్లలుండాయంట అత్తా ఆడ! ఒక్కటి కరిస్తే సాలు!"

"కరవదు. నిన్న తల్లిపామే కరవలేదు. ఆయన అడ్డం నిలబడినాడు. నువ్వే గదా కళ్లారా సూసినావు? నాకు శుక్లాలు గానీ నీకు లేవు గదా?" చెంగమ్మ గొంతులో కోపం లేదు, అదే రేవతికి మరింత భయం వేసింది. "నన్ను కాపాడిన మనిషిని ఈ పొద్దు పస్తు పెట్టమంటావా? ఎనిమిది నెల్లు. ఒక్క దినం తప్పకుండా వచ్చి నా చేతి ముద్ద తినిపోయినాడు. ఆయన ఉండంగా ఏ పాముకీ నేను భయపడను. పాపక్కూడా ఏమీ కాదు. తప్పుకో."

"ఈ పొద్దొక్క దినం ఆగత్తా. రేపు మొగుడూ పెండ్లాం ఇద్దరం పెడతాం."

"తప్పుకోమంటిని."

ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. చూపు ఆనని కళ్లు గోడ వైపే ఉన్నాయి. ఆ కళ్లలో ఉన్నది మొండితనం కాదు, నమ్మకం. అది తాను రోజుకింత పెట్టి పెంచిందేనని రేవతికి తెలుసు. ఏ గడియా, ఏ గిరీ, సాయంత్రానికి వచ్చే మొగుడూ ఆ నమ్మకానికి అడ్డం నిలవలేరు. ఈ రోజు ఆపినా రేపు, రేపు ఆపినా ఎల్లుండి, తాను స్నానానికి వెళ్లినప్పుడో కునుకు తీసినప్పుడో ఈ తలుపు తెరుచుకుంటుంది. ముందు పిల్ల, వెనక ఈవిడ.

రేవతి చేతులు దించేసింది. ఏదో ఒక హాస్యం కోసం అలవాటుగా వెతికింది. దొరకలేదు.

"కాకి రాలేదత్తా."

"ఏందీ?"

"నిన్న రాలేదు. మొన్న రాలేదు. చెట్టు పోయినాక ఒక్కటంటే ఒక్క కాకి ఈ ఇంటి మీద వాల్లేదు. నువ్వు పస్తుంటావని నేనే వచ్చిందని చెప్తా వచ్చినా. నీ ముద్ద తినింది ఎలకలు. వాటి కోసరం అది వచ్చింది."

ఆకు చెంగమ్మ చేతిలో ఒక పక్కకు ఒరిగింది. నెయ్యి గుమ్మం మీద బొట్టు బొట్టుగా పడింది. పిల్ల ఏడుపు ఆపి ఇద్దరి ముఖాలూ చూసింది.

"మరి ఆ చెట్టు..." అంది చెంగమ్మ, ఎక్కడో దూరం నుంచి.

"కరెంటోళ్లు కొట్టలేదత్తా. నువ్వు నగరిలో ఉంటే మిషనాయన్ను పిలిపించి నేనే కొట్టించినా. గూబ అరిస్తే భయమని కొట్టించినా. నా బిడ్డను పాము నోటికాడికి పంపింది నేను, నిన్ను పంపింది నేను. తప్పు నాదత్తా. ఎవురిదీ గాదు, నాదే."